ఖాళీ కాని గిన్నె

సియోల్‌లో ఇంటింటా కిమ్చీ పచ్చడి జాడీలు నింపుకునే రోజులు. బాంగ్ దల్సు వాకిట్లో పెళ్లాం పక్కన కూర్చుని క్యాబేజీకి ఉప్పు రాస్తున్నాడు. లోపల ఫోన్ మోగింది. తడి చేత్తోనే వెళ్లి ఎత్తాడు.

"జాడీకి మూత పెట్టావా?" అంది అవతలి గొంతు.

"ఉప్పు ఇంకా దిగలేదు," అన్నాడు దల్సు.

అది కోడ్. పక్కన మనిషి ఉంది, అయినా బయల్దేరుతున్నాను అని అర్థం. దల్సు సీక్రెట్ ఏజెంట్. పెళ్లాం దగ్గర మాత్రం బీమా ఆఫీసని చెప్పుకున్నాడు. ఆమె నమ్మింది. అతను ఏం చెప్పినా జనం నమ్ముతారు. అతని పనితనమంతా అదే, అతని బాధా అదే.

ఆఫీసులో యోమ్ డైరెక్టర్ తలుపు వేసి సంగతి చెప్పాడు. సరిహద్దు అవతలి ఉత్తరం వాళ్లు మళ్లీ రాకెట్ వదిలారు. ఇన్నాళ్లూ వాళ్ల విషయంలో టోక్యోది ఒక మాట, వాషింగ్టన్‌ది ఒక మాట, మనది ఇంకో మాట. ఒకరు బెదిరిస్తే ఇంకొకరు బియ్యం పంపేవాళ్లు. ఉత్తరం వాళ్లు ముగ్గురి మధ్యా దూరి పని జరుపుకునేవాళ్లు. రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడు దేశాల దూతలూ ఒకే కాగితం మీద సంతకం పెడతారు. ఇక బియ్యమైనా నూనె అయినా ఆపితే ముగ్గురూ కలిసే ఆపాలి, ఇస్తే ముగ్గురూ కలిసే ఇవ్వాలి. మొదటి షరతు మాత్రం వేరే. ఉత్తరం సంగతి ఏది తెలిసినా మిత్రుల దగ్గర దాచకూడదు.

"జపాన్ దూత కురమోచి టోక్యోలో అందరి కాళ్లూ గడ్డాలూ పట్టుకుని ఒప్పించి వస్తున్నాడు," అన్నాడు డైరెక్టర్. "ఆ ముసలాయన మన చాప మీద, మన కూడు తింటూ చచ్చాడనుకో. టోక్యో లేచి వెళ్లిపోతుంది. ఉత్తరం వాళ్ల గూఢచారి రింగ్‌కి కావాల్సింది అదే."

"ఎవరి చేత్తో?"

"అదే తెలీదు. నీ మింజాని అడుగు."

నీ మింజా అనేసరికి దల్సు లేచి తలుపు వైపు నడిచాడు.

ఓక్ మింజా ఒసాకాలో పుట్టిన మన జాతి మనిషి. పట్టు స్కార్ఫూ ఎత్తు మడమల చెప్పులూ వేసుకుని గదిలోకి వస్తే మంత్రులు కూడా మాట మరిచిపోయేవాళ్లు. పైకి జపాన్ దూతకి దుబాసీ. లోపల ఉత్తరం రింగ్‌కి కబుర్లు మోసే మనిషి. ఇంకా లోపల, ఆ రింగ్ గుట్టు దల్సుకి అందించే డబుల్ ఏజెంట్. తనకోసం ఏమీ అడగలేదు. చిన్నప్పుడే వాళ్లమ్మ జపాన్ నుంచి ఉత్తరం వెళ్లే ఓడెక్కింది. అక్కడ స్వర్గం ఉందన్నారు, బిడ్డని తర్వాత పిలిపిస్తానంది. మళ్లీ రాలేదు. అమ్మని సరిహద్దు నది దాటించి తీసుకొస్తానని దల్సు మాటిచ్చాడు.

రెండు చలికాలాల కిందట, కరువులో, వాళ్లమ్మ పోయింది. సరిహద్దు వర్తకుడు ఆ కబురు తెచ్చి దల్సు చెవిలో వేశాడు. చెప్పొద్దు, దారం తెగిపోతుంది అన్నాడు డైరెక్టర్. దల్సు తల ఊపాడు. ఊపినవాడు అక్కడితో ఊరుకోలేదు. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులని చెప్పాడు. అది విని మింజా ఏటా ఉన్ని మేజోళ్లు అల్లి ఇచ్చేది. అవన్నీ దల్సు సొరుగులోనే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం టీ దుకాణంలో కలిసినప్పుడు మింజా, రింగ్ నుంచి ఏమీ వినలేదంది. కప్పు తిప్పుతూ అడిగింది.

"అమ్మ ఎలా ఉందన్నా?"

"మోకాళ్లే. మిగతా అంతా బాగానే ఉంది."

"పోయినేడూ మోకాళ్లే. మా అమ్మకి మోకాళ్లు తప్ప వేరే ఒళ్లే లేదా ఏంటి?"

దల్సు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. అది అతను చూశాడు. ఎందుకని అడగలేదు. అడిగితే తను కూడా చెప్పాల్సి వస్తుందని భయం.

మరునాడు భోజనం జోంగ్నో పేటలో ఒక పాత పెంకుటింట్లో. దల్సు తెల్లగడ్డం అంటించుకుని, పాతకాలపు తెల్ల హన్‌బోక్ అంగీ తొడుక్కుని, ఆ పూటకోళ్లింటి యజమాని వేషం కట్టాడు. హన్‌బోక్ వెడల్పాటి చేతి లోపల రబ్బరు సంచీ, అందులో స్పాంజి. విషం అనుమానం ఉన్నచోట ఆఫీసు ఇచ్చే సరంజామా అది. వంటింట్లో పులుసులూ చేపలూ సారా సీసాలూ అన్నీ పరీక్ష చేయించాడు. ఏ దోషమూ లేదు.

దూతలు ముగ్గురూ చాపల మీద కూర్చున్నారు. కురమోచి వెనక మింజా. భోజనం సజావుగానే సాగింది. అమెరికా దూత కాళ్లు మడవలేక అవస్థ పడుతుంటే మన దూత, మీ మోకాళ్ల మీద కూడా ఒక ఒప్పందం రాసుకుందాం అన్నాడు. అందరూ నవ్వారు. మోకాళ్ల మాట వినగానే దల్సు తల దించుకున్నాడు. మింజా ఆ మాటని జపనీసులోకి తిప్పి చెప్పింది. గొంతు మారలేదు.

ఆఖరి గిన్నె ఎత్తే వేళయింది. కురమోచి గిన్నెలో సారా ఇంకా సగం ఉంది. మింజా రెండు చేతులా సీసా ఎత్తి ఆ సగం మీదే పోసింది.

జపాన్ వాళ్లకి అది మర్యాద. మనకి కాదు. మన దగ్గర గిన్నె ఖాళీ అయ్యాకే మళ్లీ పోస్తారు. ఉన్నదాని మీద పోసేది తద్దినాల్లో, చచ్చినవాళ్లకి. మింజాని పెంచిన అమ్మమ్మ ఈ పద్ధతి గట్టిగా ఒంటబట్టించింది. ఎంతమంది జపాన్ వాళ్లకి దుబాసీ చేసినా మింజా సగం గిన్నెలో చుక్క పోసి ఎరగదు. బతికున్నవాళ్లకి చచ్చినవాళ్ల సారా పోస్తానా అనేది.

దల్సు ఆమె చేతులు చూశాడు. కుడిచేతి వేలికి కొత్త ఉంగరం, పెద్ద పచ్చరాయి. కురమోచి గిన్నె పెదవి దగ్గరికి తెచ్చాడు.

దల్సు ముందుకొచ్చి రెండు మోకాళ్ల మీదా కూలబడ్డాడు.

"అయ్యగారూ, ఈ ఇంటివాణ్ణి. మీ చేతి గిన్నె ఒక్కటి నాకిప్పించండి."

గిన్నె మార్చుకోవడం ఇక్కడి గౌరవం. కాదంటే తప్పు. కురమోచి సంబరపడి రెండు చేతులా అందించాడు. పెద్దవాళ్ల ఎదురుగా తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి కాబట్టి దల్సు తిప్పుకున్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సారా అంతా అంగీ చేతి లోపలి స్పాంజిలోకి పోయింది. తిప్పిన మొహానికి ఎదురుగా మింజా మొహం ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

దూతలు సంతకాలు పెట్టారు. పక్కగదిలో మింజా తనే ఉంగరం తీసి దల్సు చేతిలో పెట్టింది. వీధి చివర బూడిదరంగు కారులో రింగ్ మనుషులు ఇద్దరున్నారని కూడా తనే చెప్పింది. దల్సు వైర్‌లెస్‌లో ఒక్క మాట చెప్పాడు. వాళ్లని అక్కడికక్కడే పట్టుకున్నారు. ఈలోగా ల్యాబ్ వాడు వచ్చాడు. ఉంగరం రాయి కింద ముగ్గుర్ని చంపగల పొడి ఉంది. దాని మూత మాత్రం ఎవరూ తెరవలేదు. స్పాంజిలో ఉన్నది ఉత్త సారా.

"రింగ్ వాళ్లు మా అమ్మ సమాధి ఫొటో చూపించారు," అంది మింజా. "ఆయన్ని చంపితే ఎముకలు పంపిస్తామన్నారు. సీసా ఎత్తేదాకా నాకే తెలీదన్నా, ఏం చేస్తానో."

"మరి సగం గిన్నెలో..."

"మా అమ్మకి పోశాను. నువ్వు చూస్తావని పోశాను. నిన్న టీ దుకాణంలో ఒక్క మాట చెప్పి ఉంటే ఈ ఉంగరం నీ బల్ల మీదే పెట్టేదాన్ని."

దల్సు క్షమించమన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మేజోళ్లు ఏం చేశావు?"

"నా దగ్గరే ఉన్నాయి."

"తెచ్చి ఇవ్వు. కాల్చి అమ్మకి పంపుకుంటాను, పోయినవాళ్లకి బట్టలు అలాగేగా చేరేది. చలికి పోయిందిగా."

చలికి కాదు, ఆకలికి పోయిందని దల్సుకి తెలుసు. ఈసారి చెప్పాడు. ఆమె సరే అంది.

ఆఫీసుకెళ్లి సొరుగు తెరిచి మేజోళ్లు సంచీలో వేసుకుంటుంటే యోమ్ డైరెక్టర్ వచ్చాడు. రిపోర్టు రాశానన్నాడు. ఏజెంట్ బాంగ్ చాకచక్యం వల్ల కుట్ర భగ్నం, మనవైపు నష్టం లేదు. టీవీలో ఒప్పందం చదువుతున్నారు. మొదటి షరతు వచ్చింది, మిత్రుల దగ్గర ఏ సంగతీ దాచకూడదు అని. ఆ వాక్యం రాసింది నేనే అన్నాడు డైరెక్టర్, గర్వంగా.