కుంగుమాపని

రెండువేల ఎనభై మూడులో ఆదోని బళ్లలో హాజరు పిలవడం మానేశారు. పిల్లలు తోరణం కింద నుంచి నడిచి వస్తే చాలు. ఆ తోరణం పేరు కుంగుమాపని. ఆకలి, భయం, అవమానం ఒంట్లో పుట్టించే రసాయనాలను అందులోని స్ట్రెస్ సెన్సార్లు ఊపిరిలోనే పసిగడతాయి. ఏ బిడ్డ ఎంత కుంగిందో కొలిచి, ఆ బిడ్డ కోసం బడికి చేయూత నిధిని యంత్రమే పంపుతుంది. అర్జీలు లేవు, సిఫారసులు లేవు, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ సుంకులమ్మ ఇవాళ తను చదివిన బడికే వచ్చింది. ప్రార్థన స్థలంలో కొత్త తోరణం బిగించడానికి అని చెప్పింది. నిజానికి పగ తీర్చుకోవడానికి వచ్చింది.

ఈ బళ్లో సర్కారు సాయం అందే పిల్లలు రోజూ ప్రార్థనలో విడిగా ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, 'మేము సాయం పిల్లలం, మీ మేలు మరువం' అని అప్పజెప్పాలి. కరస్పాండెంట్ వీరభద్రప్ప పెట్టిన ఆనవాయితీ అది. సుంకులమ్మ చిన్నతనమంతా అలాగే గడిచింది. ఆయన ముసలివాడయ్యాడు గానీ ఆనవాయితీ మానలేదు. కొత్త యంత్రమొస్తే ఇంకాస్త నిధి వస్తుందని సంబరంగా ఒప్పుకున్నాడు.

అందులో ఆమె మూలసూచి అనే కొత్త భాగం చేర్చిన సంగతి ఆయనకు తెలియదు. ఎవరి వల్ల బిడ్డ కుంగిందో కనిపెట్టి, పేరుతో సహా అది పైకి చెబుతుంది. పేరు పడిన మనిషి ఇక ఏ బడి గడపా తొక్కకూడదు. చట్టంలో ఆ మాట పట్టుబట్టి రాయించింది సుంకులమ్మే. క్షమాపణకు చోటు లేకుండా రాయించింది. ఆయన అలా తప్పుకుంటే, అదే చట్టం ప్రకారం బడి నడిపే బాధ్యత యంత్రం బిగించిన ఆమె చేతికే వస్తుంది.

వీరభద్రప్ప మైకు అందుకున్నాడు. "ఈయమ్మ మన బళ్లో సాయం పిల్లే. ఆ పొద్దు మనం అట్ల నిలబెట్టినందుకే ఈ పొద్దు ఇంతదైంది," అన్నాడు మురిసిపోతూ.

సుంకులమ్మకు ఒళ్లు మండింది. స్విచ్ వేసింది.

సాయం పిల్లలు అప్పజెప్పడం మొదలుపెట్టగానే తోరణం ఎర్రబడింది. "కుంగుబాటుకు మూలం వీరభద్రప్ప. వెంటనే బయటికి వెళ్లాలి," అంది యంత్రం.

ముసలాయన మైకు పట్టుకునే తోరణం వైపు బిత్తరపోయి చూశాడు. "నేనేం జేసినానమ్మా? పిల్లోళ్లకు మర్యాద నేర్పినా, అంతే గదా."

ఆ బిత్తరపాటు చూసి సుంకులమ్మకు ఎంతో హాయిగా అనిపించింది. అయినా తనివి తీరలేదు.

"ఆగండి. ఏం జేసినారో పిల్ల నోట విని పోదురు గానీ."

ముందు వరుసలో తలొంచుకున్న భూమిక అనే పిల్లను చేయి పట్టి మైకు ముందుకు లాగింది. "చెప్పు. ఈయన మిమ్మల్ని రోజూ ఎట్ల చిన్నబుచ్చినాడో అందరికీ చెప్పు."

బడంతా ఆ పిల్లనే చూస్తోంది. "వద్దు మేడం," అంది భూమిక, వినీ వినబడనట్టు.

"చెప్పమంటాంటే. నేనుండా గదా నీకు."

తోరణం మళ్లీ ఎర్రబడింది. "కుంగుబాటుకు మూలం డాక్టర్ సుంకులమ్మ. వెంటనే బయటికి వెళ్లాలి."

"పొరపాటు. మళ్లీ కొలువు," అంది సుంకులమ్మ యంత్రంతో.

"కొలిచాను. ఇది మొదటిదానికంటే ఎక్కువ."

వీరభద్రప్ప వెళ్లి గేటు తెరిచి పట్టుకున్నాడు. "రా తల్లీ, పోదాం," అన్నాడు.

సుంకులమ్మ కదిలింది. "భూమికకు చేయూత మంజూరైంది," అని యంత్రం వెనక నుంచి చెప్పింది.

అలవాటు ప్రకారం పిల్ల చేతులు కట్టుకుంది. వెళ్లిపోతున్న సుంకులమ్మను చూస్తూ, "మేము సాయం పిల్లలం, మీ మేలు మరువం," అని అప్పజెప్పింది.