గరుకు తగ్గిన కడ్డీ

"పదకొండుకు పులివెందులలో తుంటి ఆపరేషన్. ముఠా అక్కడికి నకిలీ చేర్చింది. ఆపు." హెడ్‌క్వార్టర్స్ ఫోన్ పెట్టేసింది.

ఏజెంట్ షఫీ ప్రొద్దుటూరులో పాత నగల బేరగాడి వేషంలో ఉన్నాడు. తుంటిలో పెట్టే టైటానియం కడ్డీ మీద లేజర్‌తో వేసే గరుకు పూత ఎముకను పట్టి పెంచుతుంది. ఆ పూత గుట్టు కోసం విదేశీ ముఠా అసలు కడ్డీలను ఎత్తుకుపోయి నకిలీలు పెడుతోంది. మూడు నెలల కిందట ఒక నకిలీ షఫీకి దొరికింది. "ముఠా మొత్తం చిక్కాలి, పోనీ" అన్నది తనే. అది జమ్మలమడుగు మస్తానమ్మ తుంటిలోకి పోయింది. ఇప్పుడామె కర్ర లేకుండా నడవలేదు. ఫైల్లో 'అనివార్య నష్టం' అని రాసిందీ తనే. రహస్యం దేశానిదట. తుంటి మాత్రం మస్తానమ్మది.

నగలు లేజర్‌తో అతికే అబ్దుల్ వాహిద్ అంగట్లో షఫీ ముఠా కోడ్ వాక్యం పలికాడు.

"గజ్జెలకు లేజర్ అతుకు పడతాదా?"

"వెండికి పడదు మామా, వేరేదానికి పడతాది."

షఫీ గుర్తింపు కార్డు చూపించాడు. వాహిద్ ముఖం పాలిపోయింది.

"అది మనిషి ఒంట్లో పెట్టేదని నాకేం తెలుసప్పా? కడ్డీ బొమ్మ గీసి తెచ్చిచ్చిరి, చేసిస్తి. గరుకుగా ఉండాదని నేనే మెరుగు పెట్టినా. గరుకు సరుకు అంగడి దాటితే మా నాయన చెయ్యి ఇరగ్గొట్టేటోడు."

షఫీ జీపు ఎక్కాడు. గరుకు లేకుంటే ఎముక దేన్ని పట్టుకుంటుంది?

పులివెందుల ఆసుపత్రి, పదకొండు ఇరవై ఎనిమిది. పేషెంట్‌కు కోత పెట్టేశారు, వాయిదా కుదరదు. ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నందిని: పాత పరిచయం, కడ్డీల కంపెనీ ప్రతినిధి, ఎర్ర లిప్‌స్టిక్, కంపెనీదొకటి ముఠాదొకటి రెండు జీతాలు.

"ఏంది షఫీ, ఈ వేషం? పాత ఇనుము కొంటాండావా? లోపల రెండు కడ్డీలుండాయి, వాళ్ళు పెట్టంగా మిగిలింది నాది. సీరియల్ ఒకటే. స్కానర్‌కే తెలీదు, నీకేం తెలుస్తాది?"

గాజు తలుపు అవతల, సీలు విప్పని పారదర్శక కవర్లలో రెండు కడ్డీలు. షఫీ పెన్ టార్చ్ నొక్కాడు. ఒకటి కొత్త గాజులా తళుక్కుమంది. రెండోది రాయిలా మసకగా ఉండిపోయింది. డాక్టర్ చెయ్యి మెరిసేదాని మీదికే పోతోంది.

"అది కాదు సార్! మెరవనిది తీసుకోండి!"

చెయ్యి ఆగింది. పక్కకు కదిలింది.

సంకెళ్ళు పడుతుంటే నందిని నవ్వింది. "మస్తానమ్మ కడ్డీ నేను అమ్మితి. తెలిసి పోనిచ్చింది నువ్వు. నీకోసం ఇంకో జత తెచ్చుకోలేదా?"

సాయంత్రం షఫీ జమ్మలమడుగు పోయాడు, ఏ వేషమూ లేకుండా.

"అమ్మా, నీ తుంటిలోది నకిలీ. తెలిసే వదిలినా. తప్పు నాది."

మస్తానమ్మ తుంటి తడుముకుంది. "తెలిసేనా?"

"తెలిసేనమ్మా. మళ్ళీ ఆపరేషన్ చేపిస్తా, పక్కనే ఉంటా."

"అంతవరకూ ఆ కర్ర ఇటు అందియ్యి."

నెల తర్వాత షఫీకి పతకం వచ్చింది. వేలితో తడిమి చూశాడు. అద్దంలా నున్నగా ఉంది, గరుకే లేదు.