జల్లెడ దాటని మాట

"బెండకాయలు లేతగా ఉన్నాయమ్మా, పొద్దున్నే కోసినవి" అంది కూరగాయల బండి మంగ. ఆ తర్వాత ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి గాని వకుళకు ఒక్క ముక్క వినబడలేదు. పక్కింటి కుక్కర్ ఈల వినబడింది. వీధి చివర కుక్క అరుపు వినబడింది. మంగ నోరు మాత్రం ఊరికే ఆడింది. చివరికి "కాస్త కొత్తిమీర కూడా వెయ్యనా?" అన్న మాట మళ్ళీ స్పష్టంగా వచ్చింది.

వకుళ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మధ్యలో అదేం చెప్పింది? సముద్రం సంగతా? జలపురి సంగతా?

ఆమె రెండు చెవుల్లోనూ మినపగింజంత శ్రుతిజల్లెడలున్నాయి. వార్తలు మనుషులను నిద్రపోనివ్వని ఆ కాలంలో డాక్టర్లు మందులతోపాటు వార్తావిరతి కూడా రాసేవారు. విరతిలో ఉన్నవారి తెరల మీద వార్తలు రావు. ఎవరైనా నోటితో చెప్పబోయినా, గుండె అదిరే మాటలను జల్లెడ చెవి దాకా రానివ్వదు. కాగితం మీద రాసి చూపడానికి డాక్టర్లు ఒప్పుకోరు. సామర్లకోటలో ప్రతి వీధిలోనూ విరతిలో ఉన్నవాళ్ళు ఒకరిద్దరు కనిపిస్తూనే ఉంటారు. ఎవరూ వింతగా చూడరు.

వకుళకు ఏడో నెల. సముద్రం పొంగి, కాకినాడ తీరంలో తేలియాడే జలపురి కాలనీని కమ్మేసినప్పటినుంచి ఆమె తెర ముందునుంచి లేవలేదు. తమ్ముడు భార్గవ, అతని భార్య నీలవేణి ఉండేది అక్కడే. ఫోన్లు పలకడం లేదు. వకుళకు తిండి లేదు, నిద్ర లేదు, రక్తపోటు పెరిగిపోయింది. "నీకు బిడ్డ కావాలా, వార్తలు కావాలా?" అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా అడిగేసింది. వకుళే సరేనంది. కాన్పయ్యేదాకా జల్లెడకు తాళం. తీస్తే ఆ డాక్టరమ్మే తీయాలి.

నిజం చెప్పాలంటే మొదట్లో హాయిగానే ఉంది. ఆకలి తెలిసింది. కంటినిండా నిద్ర పట్టింది. కడుపులో బిడ్డ కదలికను కుదురుగా కూర్చుని గమనించుకుంది. ఆ తర్వాతే ఈ ఖాళీలు పీడించడం మొదలుపెట్టాయి. వినబడని మాటను మనిషి ఎంత పెద్దది చేసుకుంటాడో జల్లెడ చేసిన మేధావులకు తట్టినట్టు లేదు.

ఆ మధ్యాహ్నం భర్త రఘునందన్ చొక్కా పట్టుకుని అడిగేసింది. "ఏవండీ, మా తమ్ముడు ఉన్నాడా?"

రఘునందన్ ఏదో చెప్పాడు. పెదవులు కదిలాయి. శబ్దం లేదు.

"బాగుంటే నాకు వినబడాలిగా! వినబడలేదంటే ఏంటండీ అర్థం?" వకుళ గోడకు చేరగిలబడింది.

రఘునందన్ కంగారుగా చేతులూపాడు, తల అడ్డంగా తిప్పాడు, మళ్ళీ నిలువుగా ఊపాడు. ఇంకా ఏమీ తెలియలేదన్న సంగతిని సైగలతో చెప్పడం అతని తరం కాలేదు. పాపం, ఎవరి తరమవుతుంది?

సాయంత్రం డాక్టరమ్మ తెర మీదికి వచ్చింది. "ఈ ఖాళీలతో చాలామందికి ఇదే బాధమ్మా. కొత్తగా పూరింపు అని వచ్చింది. ఇక ఖాళీ ఉండదు. కష్టం కలిగించే మాట వస్తే, దాని బదులు జల్లెడే అదే గొంతుతో మామూలు మాటలు వినిపిస్తుంది."

"అంటే అబద్ధం చెబుతుందా?"

"ఊరట చెబుతుందనుకో."

వకుళ అనుకోలేకపోయింది. మర్నాటినుంచి అందరి మాటలూ నున్నగా, అతుకు కనబడకుండా వినబడసాగాయి. అదే భయమైపోయింది. "వాన తగ్గుతుందట" అని భర్త అంటే ఆ మాట ఆయనదా, జల్లెడదా? మాట వినడం మానేసి పెదవులను చూడడం మొదలుపెట్టింది. చూసేకొద్దీ కళ్ళు మంటలెత్తాయి గాని మనసు కుదుటపడలేదు.

రఘునందన్ మందుల కోసం బజారుకు వెళ్ళిన ఒక పూట తలుపు చప్పుడైంది. తీసి చూస్తే భార్గవ!

వకుళకు ప్రాణం లేచివచ్చింది. ఈ ఒక్కదానికీ ఎవరి మాటా నమ్మక్కర్లేదు. తమ్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. అతని మొహం, భుజాలు తడిమి తడిమి చూసింది. పీక్కుపోయిన చెంపలు, మాసిన గడ్డం, రెండు అరచేతులకూ కట్లు. "కూర్చోరా, ముందు అన్నం తిందువుగాని" అంటూ వంటింట్లోకి పరుగులాంటి నడక నడిచింది. చెవి దగ్గర వెలిగే విరతి గుర్తు జుట్టు కింద ఉండిపోయింది. చెప్పాలని ఆమెకు తోచలేదు. చూడాలని అతనికి తెలియదు.

"చేతులకేమైందిరా?" పప్పు వడ్డిస్తూ అడిగింది.

భార్గవ తల వంచుకుని చెంచాతో అన్నం కలుపుతున్నాడు. "వంట చేయబోయి కాల్చుకున్నానక్కా" అని వినబడింది.

"బాగుంది! నీలవేణి నీచేత వంట కూడా చేయిస్తోందా?" వకుళ నవ్వింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. "ఇంతకీ అదేది? రాలేదేం?"

అతను చాలాసేపు చెప్పాడు. తల ఎత్తకుండా, ఆగి ఆగి చెప్పాడు. నీలవేణి పుట్టింట్లో ఉందని, అక్కడ గాలి మంచిదని, తనే పంపించేశానని వకుళ వింది. ఆమె మనసు ఆ క్షణాన ఎంత తేలికపడిందంటే, అన్నాళ్ళుగా కాపలా కాసిన పెదవుల సంగతే మరిచిపోయింది.

"మంచిపని చేశావురా" అంది తమ్ముడి తల నిమురుతూ. "నీ చోట ఎవరున్నా అదే చేస్తారు. ఇంకాస్త పప్పు వేసుకో."

భార్గవ తల ఎత్తాడు. ఆమె నవ్వు మొహంలోకి రెప్ప వేయకుండా చూశాడు. చెంచా కంచంలో పెట్టేసి లేచి పెరట్లోకి వెళ్ళాడు. అప్పుడే వచ్చిన రఘునందన్ బావమరిదిని చూసి, మందుల సంచి అక్కడే పడేసి అతని వెనకే పరిగెత్తాడు. కిటికీలోంచి వకుళకు ఇద్దరి వీపులే కనిపించాయి. భర్త తన చెవి చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. చూస్తూండగానే భార్గవ నేల మీద కూలబడ్డాడు. ఏమైందని ఎంత అడిగినా ఆమె చెవికి ఇద్దరివీ హాయైన మాటలే చేరాయి.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. జల్లెడ తన పని తాను చక్కగా చేసిందని డాక్టరమ్మ మెచ్చుకుని తాళం తీసింది. ఇంటికి వచ్చాక రఘునందన్ చెప్పాడు. నీలవేణి లేదు. జలపురి ముక్కలైన రోజున భార్గవ చేతిలో తాడు ఉంది, ఆ తాడుకు అవతల ఆమె ఉంది. రఘునందన్‌కు అంతవరకే తెలుసు. మిగతాది భార్గవ ఒక్కసారే, ఆ రోజు అన్నం ముందు అక్క ఒక్కతికే చెప్పాడు.

వకుళ గుండెలు బాదుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, వసారాలో కూర్చున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. అతని అరచేతుల మీద తాడు ఒరిపిడి మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇప్పుడు నాకు అన్నీ వినబడుతున్నాయిరా. చెప్పు."

"చెప్పానుగా అక్కా."

"నేను వినలేదురా. నీకు తెలుసుగా."

"తెలుసు. బావ చెప్పాడు." భార్గవ వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. "నీ చోట ఎవరున్నా అదే చేస్తారన్నావు. మంచిపని చేశావన్నావు. నువ్వు వినకుండా అన్నావని తెలుసు. అయినా ఆ మాట పట్టుకునే ఉన్నానక్కా. ఇప్పుడు విన్నావంటే నువ్వు మళ్ళీ అలా అనలేవు."

వకుళ నోరు తెరిచింది. లోపల పాప ఏడుపు మొదలైంది. అది చాలా గట్టిగా, చాలా స్పష్టంగా వినబడుతోంది. తమ్ముడు అరచేతులు గట్టిగా మూసుకున్నాడు.