పెట్టె చెప్పిన డబ్బు

"అత్తయ్యా, పెట్టె వైరు మళ్ళీ పీకేసినారా?"

మెర్లిన్ వంటింటి గడపలో నిలబడి అడిగింది. ఎలిశబెతు తల ఎత్తలేదు. ఆ గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. మిక్సీలో ఎండుమిరపకాయలు సగం నలిగి ఉన్నాయి.

"పీకక ఏం చేసేది? నీ పెట్టె అరవకపోయినా రొయ్య వేగుతాది. కరెంటు లేకుండా మిరపకాయ నలగదు."

"అది ఆగిపోతే డబ్బులు పడింది లేనిది తెలియదు."

"పడినాయి పడినాయి అని అది అరిచేదే గానీ, నా కంటికి ఎప్పుడన్నా కనపడినాయా?"

రోజూ ఉండే తగాదానే. రోజూ అయితే మెర్లిన్ ఇంకో మాట అనేది, అత్తగారు ఇంకోటి అనేది, చివరికి ఇద్దరూ టీ తాగేవాళ్ళు. ఈ రోజు మెర్లిన్ మాట్లాడకుండా వెనక్కి తిరిగింది. పెట్టె చెప్పిన డబ్బు వారం దాటినా బ్యాంకులో పడలేదు. ఆ సంగతి ఇంట్లో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

ఒకప్పుడు ఎలిశబెతు రొయ్యల పచ్చడి పేరు సొంతూరు జువ్వలదిన్నె నుంచి అల్లూరు మార్కెట్ దాకానే తెలుసు. అక్కడ ఆమె, చేపలమ్మే వనజాక్షి ఒకే టార్పాలిన్ పట్ట కింద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. నీడ పడే వైపు వనజాక్షిది. ఎండ తగిలే వైపు ఈమెది. వనజాక్షి భర్త పెంచలకృష్ణ పడవలో వచ్చిన రొయ్యలే పచ్చడికి వాడేది. పొద్దున సరుకు తీసుకుంటే సాయంత్రం దీపాలు పెట్టేలోపు డబ్బు చేతిలో పెట్టాలి. ఇన్నేళ్ళలో ఎలిశబెతు ఆ పద్ధతి తప్పలేదు.

మోకాళ్ళు అరిగి ఆమె అల్లూరు వెళ్ళలేని రోజు వచ్చింది. నెల్లూరులో బీకాం చదివి కోడలిగా వచ్చిన మెర్లిన్, మార్కెట్లో గంప ముందు కూర్చోవడం తన వల్ల కాదని పెళ్ళైన కొత్తలోనే చెప్పేసింది. దానికి బదులు పచ్చడిని ఫోన్లో అమ్మకానికి పెట్టింది. సీసాల మీద అత్తగారి ఫొటో, పేరు వేయించింది. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి ఆర్డర్లు వచ్చాయి. కొన్నవాళ్ళ డబ్బు ముందు ఒక పేమెంట్ కంపెనీకి చేరి, మర్నాడు వీళ్ళ బ్యాంకులో పడేది. ఎవరైనా డబ్బు పంపగానే గట్టిగా చెప్పే ఆ పెట్టె కూడా కంపెనీ ఇచ్చిందే. ఇంటి మీద కొత్త రేకులు, ఎలిశబెతు మోకాళ్ళ మందులు ఆ దారిన వచ్చినవే. వనజాక్షి నవ్వుతూ మెర్లిన్‌ని "కలెక్టరమ్మా" అని పిలిచేది.

ఈ ఏడాది వేట నిషేధం ముందు మెర్లిన్‌కి ఒక ఆలోచన తట్టింది. పడవలు ఆగితే రెండు నెలలు రొయ్య దొరకదు, ఇప్పుడే చెప్పుకోండి అని కొనేవాళ్ళందరికీ మెసేజి పెట్టింది. ఎన్నడూ రానన్ని ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చాయి. పెట్టె నోరు మూయలేదు. ఆ ధైర్యంతో పెంచలకృష్ణ ఆఖరి వేటలో తెచ్చిన రొయ్యలన్నీ బాకీ మీద ఇంటికి తెప్పించింది.

ఉన్నట్టుండి అంత డబ్బు రావడంతో కంపెనీకి అనుమానం వచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా డబ్బు ఆపేశామని, సరుకు చేరినట్టు రుజువులు పంపమని మెయిల్ పెట్టింది. పచ్చడి ఇంకా జాడీల్లో ఊరుతోంది. రుజువులు ఎక్కడివి? వేట నిషేధమంటే ఏమిటో మెర్లిన్ వివరంగా రాసింది. ఒడ్డున కట్టేసిన పడవల ఫొటోలు పంపింది. పరిశీలనలో ఉందన్న ఒక్క జవాబే ప్రతిసారీ వచ్చింది.

ఆ మధ్యాహ్నం వనజాక్షి వచ్చింది. వసారాలో ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోకుండా స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఏందే, చుట్టపుచూపుగా వచ్చినావా? కూర్చో" అంది ఎలిశబెతు.

"ఇంజను పోయిందక్కా."

పడవ ఇంజను మీద అల్లూరు వ్యాపారి దగ్గర అప్పుంది. వేట ఆగిన రోజుకి తీర్చాలి. వనజాక్షి బతిమాలితే ఇంకో వారం ఆగాడు. ఆ వారం కూడా నిన్నటితో అయిపోయింది. పొద్దున మనుషుల్ని తెచ్చి ఇంజను విప్పుకుని పోయాడు.

"రొయ్యల డబ్బులు ఏం చేసినారే?" అని అడిగింది ఎలిశబెతు. కోడలు ఎప్పుడో పంపేసిందనే ఆమె అనుకుంది.

వనజాక్షి ఆశ్చర్యంగా చూసింది. "యాడ ముట్టినాయక్కా? ఎలిశబెతక్క మాట తప్పదు, ఇచ్చేస్తాదని వ్యాపారికి నేనే చెప్పినా."

"నన్ను అడగొద్దా?"

"నువ్వు ఏనాడన్నా అడిగించుకున్నావా? నోరు రాలేదు."

ఆమె వెళ్ళిపోయాక ఎలిశబెతు కోడలిని వసారాలోకి పిలిచింది. మెల్లగా అడిగింది.

"డబ్బులు ఎవురి కాడుండాయి?"

"కంపెనీ దగ్గర."

"ఆ మనిషి పేరేంది?"

"మనిషంటూ ఉండరు అత్తయ్యా. మెయిల్ పెడితే జవాబు వస్తుంది."

"బాకీ ఎగ్గొట్టినోడి ఇంటి ముందు పోయి కూర్చునేదాన్ని నేను. దీనికి గుమ్మం యాడుండాది?"

మెర్లిన్ ముత్తుకూరు థర్మల్ పవర్ ప్లాంటులో పనిచేసే భర్త సుశీల్ కుమార్‌కి ఫోన్ చేసింది. అతను తల్లికి నచ్చజెప్పాడు. కంపెనీ లేకపోతే ముక్కూ మొహం తెలియని వాళ్ళు మనకు డబ్బు పంపరన్నాడు. మోసగాళ్ళు కూడా ఉంటారు గనక వాళ్ళ జాగ్రత్త వాళ్ళదన్నాడు. ఎలిశబెతు అంతా విన్నది.

"నేను కంపెనీని అనడం లేదు నాయనా. మన డబ్బే ఇరుక్కుని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. మనం పోయి వనజాక్షి ఇంజను ఇరికించినాం." కోడలి వైపు తిరిగింది. "నాకొక మాట చెప్పుంటే కమ్మలు కుదవ పెట్టి ఇచ్చుండేదాన్ని గదమ్మా."

"రేపు వస్తాయి, రేపు వస్తాయి అనుకున్నాను అత్తయ్యా" అంది మెర్లిన్.

పచ్చడి ఊరింది. పార్సిళ్ళు వెళ్ళాయి, రుజువులు వెళ్ళాయి. మే నెల సగమయ్యాక డబ్బు పైసా తగ్గకుండా బ్యాంకులో పడింది. మెర్లిన్ ఆ రోజే బ్యాంకుకు వెళ్ళి నోట్లు తీసుకుని వనజాక్షి ఇంటికి పోయింది. అప్పటికే ఇంజను వేరే ఊరి పడవకు అమ్ముడుపోయింది. పెంచలకృష్ణ కృష్ణపట్నం పోర్టులో కూలికి చేరాడు. పుట్టి బుద్ధెరిగాక అతను సముద్రం వైపు కాకుండా వేరే వైపు పనికి పోవడం ఇదే మొదలు.

వనజాక్షి నోట్లు లెక్కపెట్టలేదు. "మంచిదమ్మా" అంది. కలెక్టరమ్మా అనలేదు. తిరిగి వస్తూ దారి పొడుగునా మెర్లిన్‌కి ఆ 'మంచిదమ్మా' అన్న మాటే వినిపించింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్తాకోడళ్ళు, సెలవుకి వచ్చిన సుశీల్ ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మామిడికాయ వేసిన ఎండురొయ్యల కూర. కూర వండిన రోజు ముందు ఒక గిన్నె వనజాక్షి ఇంటికి వెళ్ళడం అలవాటు. ఈ మధ్య పంపిన గిన్నె పంపినట్టే తిరిగి వస్తోంది. ఎలిశబెతు ఆ గిన్నె నింపి పక్కన పెట్టింది గానీ ఎవరినీ తీసుకెళ్ళమనలేదు.

"సీసాల మీద నా పేరు తీసేయండి" అంది ఉన్నట్టుండి. "నా పేరు చెప్పుకుని వనజాక్షి చెడింది. ఇంక ఆ పేరుతో అమ్మొద్దు."

సుశీల్ ఏదో అనబోయాడు. మెర్లిన్ అతన్ని ఆపింది. కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది.

"తీయను అత్తయ్యా. ఫోన్లో అమ్మకం మాననుగానీ, సరుకు తయారై ఇంట్లో ఉంటేనే అమ్ముతా. ఇంక చేతిలో డబ్బు పెట్టకుండా ఎవరి రొయ్యా మన గడప తొక్కదు." ఆమె కంచం పక్కకు జరిపింది. "సోమవారం నుంచి సగం సీసాలు అల్లూరు తీసుకెళ్తాను. నేనే కూర్చుంటాను, మీ చోట్లో."

ఎలిశబెతు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పక్కన పెట్టిన గిన్నె మీద మూత సర్ది కోడలి ముందుకు జరిపింది.

"ఆ పట్ట వనజాక్షిది. ముందు పోయి దాన్ని అడుగు" అంది. "కూర్చోమంటే, నీడ వైపు మాత్రం కూర్చోబాక."