బమ్, బామ్

1983 డిసెంబర్. అమెరికాలో అరోరా అనే ఊళ్లోని రహస్య సేఫ్‌హౌస్‌కి కాపలా ఉన్న ఏజెంట్ మిల్స్‌ను పొద్దున్నే ఎవరో గొంతు కోసి, అతని కార్‌లోనే వదిలేశారు. ఆ ఇంట్లో దాక్కున్నది డాక్టర్ హాన్, కొరియా నుంచి పారిపోయి వచ్చిన ఆయుధాల శాస్త్రవేత్త. మర్నాడు వాషింగ్టన్‌లో ఆయన నోరు విప్పాలి.

"శత్రువుల ఫోన్ టేప్ చేశాం," అన్నాడు చీఫ్ గిబ్స్. "'సరుకు బమే' అన్నారు. అంటే రాత్రికి. ట్రాన్స్‌లేషన్ మన ఇంటర్‌ప్రెటర్ సోహీది. చీకటి పడేలోపు హాన్‌ను వేరే చోటికి మార్చేద్దాం."

ఆండాళ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కొరియన్ ఉచ్చారణ మీద పీహెచ్‌డీ చేసి ఏజెన్సీలో చేరిన రాజమండ్రి మనిషి. టేప్ రెండుసార్లు వింది.

"బమే కాదు సార్, బామే. బమ్ అంటే రాత్రి. బామ్ అని సాగదీస్తే చెస్ట్‌నట్, చలికాలంలో కాల్చుకు తినే గింజ. రాతలో రెండూ ఒకటే. మా తెలుగులో కలానికీ కాలానికీ ఉన్నంత తేడా. టేప్‌లో మాట్లాడిన ముసలాయన స్పష్టంగానే పలికాడు. సరుకు చెస్ట్‌నట్స్‌లో ఉంది."

"సోహీ పొరపాటు పడిందంటావా?"

"సియోల్‌లో పెరిగిన మనిషికి ఇది వినపడకపోవడమా? ఎక్కడుంది తను?"

గిబ్స్ కుర్చీలోంచి లేచాడు. "హాన్‌కి లంచ్ తీసుకెళ్లింది."

సేఫ్‌హౌస్ ఫోన్ మోగలేదు. వైరు కోసేశారు. ఆండాళ్ నడుముకి పిస్టల్ దోపుకుని రెండు వీధుల దూరం పరుగెత్తి, తలుపు తన్ని లోపలికి దూకింది.

టేబుల్ మీద వేడి చెస్ట్‌నట్స్ సంచి. హాన్ ఒకటి వలుచుకుంటున్నాడు. ఎర్రకోటు వేసుకుని వెళ్లబోతున్న సోహీ వాచీ చూసుకుంది. ఆండాళ్‌ని చూడగానే అందంగా నవ్వి, స్లీవ్‌లోంచి కత్తి తీసింది.

మొదటి పోటు ఆండాళ్ భుజంలో దిగింది. రెండోదానికి ఆమె సోహీ మణికట్టు పట్టి మెలితిప్పింది. ఎముక విరిగిన చప్పుడు. సోహీ ఎడమచేత్తో పిస్టల్ లాగింది. ఆండాళ్ ముందు కాల్చింది. ఎర్రకోటు మీద ఇంకో ఎరుపు పాకింది.

సంచి అడుగున టిక్కుటిక్కుమంటోంది. ఆండాళ్ దాన్ని ఎత్తి కిటికీ అద్దంలోంచి పెరట్లోకి విసిరి, హాన్ మీద పడింది. పెరడు పేలిపోయింది. పగిలిన అద్దాలు, మంచు, కాలిన పొట్టు ఇద్దరి మీదా కురిశాయి.

హాన్ చాలాసేపటికి లేచి జుట్టు దులుపుకున్నాడు. నేలమీద సోహీని చూశాడు. ఆండాళ్ భుజానికి తన కండువా కట్టాడు.

"రేపు వాషింగ్టన్‌లో నా ఇంటర్‌ప్రెటర్ ఎవరు?"

"నేనే," అంది.

"మంచిది," అన్నాడు హాన్. "వంట మాత్రం నేనే చేసుకుంటాను."