గోల్ వలకు కట్టిన జెర్సీ

"సార్, రేపు ఫైనల్. నేను గోల్‌ల నిలవడ. మానస ఒప్పుకుంటలేదు."

గద్వాల కాలేజీలో చదివే సాయిశ్రీ కుర్చీ అంచున కూర్చుని ఆ మాట అంది. మానస చచ్చిపోయి ఏడాది. వివరాలు రాసుకుంటున్న సందీప్ పెన్ను ఆపేశాడు. అతని గురువు, ప్రైవేటు డిటెక్టివ్ కురుమూర్తి మాత్రం చాయ్ కప్పు దించి, "ఎట్ల చెప్పింది?" అన్నాడు.

నిరుడు కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు మానసే గోల్‌కీపర్. ప్రాక్టీసులో కళ్లు తిరిగి పడి చనిపోయిందని కోచ్ శివశంకర్ చెప్పాడు. సంతాపమంటూ మర్నాడే గోల్‌కు తానే తెల్లరంగు వేశాడు. ఇప్పుడు రోజూ తెల్లారేసరికి మానస జెర్సీ గోల్ వలకు వేలాడుతోంది. కట్టిన దారం మీద బూడిద. గాలి వీస్తే గోల్‌లోంచి మూలుగు. బూడిద శ్మశానానిదేనని జట్టంతా వణికిపోతోంది. సాయిశ్రీ తప్ప ఇంకో కీపర్ లేదు.

ముగ్గురూ మైదానానికి వెళ్లారు. లోపల మనిషి ఉన్నట్టు జెర్సీ ఉబ్బుతోంది. మూలుగు వినగానే సందీప్ రెండడుగులు వెనక్కి వేశాడు. కురుమూర్తి దారాన్ని నలిపి చూశాడు. ముడి లేదు, కొసలు మెలిపడి ఒకటయ్యాయి. వంగి, గోల్ స్తంభాల మొదట్లో పేర్చిన రాళ్లనూ, వాటి మీద కారిన తెల్లరంగునూ చూశాడు.

"అందర్నీ పిలువు. మానస తల్లిని గూడ."

జట్టు వచ్చింది. మానస తల్లి, మగ్గం నేసే అలివేలూ వచ్చింది.

"ఏంది సార్, దయ్యం దొరికిందా?" భుజం మీది శాలువా సర్దుకుంటూ కోచ్ నవ్వాడు. సన్మానాల శాలువాలు ఇలాంటి భుజాలకే దొరుకుతాయి.

"దొరికింది. మగ్గం మీద పడుగు దారాలు అతికేటోళ్లు ముడెయ్యరు. వేళ్లకు బూడిద రాసి మెలిపెడతరు. ఈ జట్టుల మగ్గమెక్కినోళ్లు లేరు. అలివేలమ్మా, చెయ్యి అలవాటు మానలే."

"అత్తా, నేనేం జేసిన నీకు?" సాయిశ్రీ అడిగింది.

"నిన్ను ఆడ నిలవడనియ్యొద్దనుకున్న బిడ్డా. కళ్లు తిరిగి పడ్డ పిల్లకు నడినెత్తి పగులుతదా? అడుగుతే తరిమిన్రు. నేను జెప్తే ఎవరూ ఇనలే. దయ్యం జెప్తే ఇన్నరు."

"మరి మూలుగు?" అన్నాడు సందీప్.

కురుమూర్తి రాళ్లను కాలితో పక్కకు నెట్టి, ఇనుప స్తంభాన్ని లాగాడు. అదే మూలుగు. గోల్ మొత్తం ముందుకు ఒరిగి, కీపర్ నిలబడే చోట దబ్బున పడింది.

"భూమిల పాతలే. నిరుడు మానస మీద పడ్డది గిదే. లేపి, రాళ్లు పెట్టి, రంగేసినవ్. రంగు రాళ్ల మీదికి గూడ కారింది కోచ్ సాబ్. రాళ్లు పెట్టినోడే రంగేసిండు."

"ఫైనల్ అయినంక పాతిద్దామనుకున్న..." కోచ్ నోరు జారింది. జట్టంతా అతని వైపు తిరిగింది.

మర్నాడు గోల్‌ను సిమెంటుతో పాతాకే ఆట మొదలైంది. సాయిశ్రీ ఆ జెర్సీయే తొడుక్కుంది. గాలి గట్టిగా వీచింది. గోల్ మూలగలేదు.

ఆట అయిపోయాక అలివేలు ఒక్కతే స్తంభానికి చెవి ఆనించి, ఇంకా వింటూ నిలబడింది.