ఒక్క రోజు టీచరు

అలమేలు పాలు కాచి దించి, ఇడ్లీ పళ్ళేలకు గుడ్డ పరుస్తోంది. కే.జీ.కండిగైలో ఆ వేళకు తిరుత్తణి బస్సు హారను కొడుతుంది. అది వినగానే ఆమె భర్త తణికాచలం టిఫిను డబ్బా సైకిలుకు తగిలించుకుని చక్కెర మిల్లుకు బయలుదేరతాడు. ఆ రోజూ అలాగే బయలుదేరాడు.

అతడు వెళ్ళాక అత్త రంగనాయకమ్మ వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చుంది. ఆమె ఊరి ఆడవాళ్ళ సంఘానికి, అంటే మాదర్ సంగానికి, ప్రెసిడెంటు.

"అలమేలూ, ఈ పొద్దు మంచి చీర కట్టుకో. తైయల్ క్లాసుకు నాతో రావాల."

"ఏమత్తా?"

"పంచాయతీ యూనియన్ ఆఫీసు నుంచి ఆఫీసరు వస్తా ఉండాడు. టీచరు కుర్చీలో నువ్వు కూసో. ఒక్క దినమే. రేపటికి నీ పని నీకు, నా పని నాకు."

"సరే అత్తా."

ఎందుకని అలమేలు అడగలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. పల్లెల్లో పనిలేని ఆడపిల్లలకు తైయల్ క్లాసుల్లో కుట్టుపని నేర్పించడానికి ఆ ఏడు, 1982లో, సర్కారు డబ్బు ఇస్తోంది. నేర్పే పని తాను చేయదు. ముందుకొచ్చిన సంస్థలను చూసి ఒకదానికి అప్పగిస్తుంది. ఈ చుట్టుపక్కలకు పోటీలో ఇద్దరే మిగిలారు. ఒకటి మాదర్ సంగం. రెండోది తిరువళ్ళూరులో సుందరరాజ్ నడిపే ట్రస్టు. ట్రస్టుకు జీపు ఉంది, టైపిస్టు ఉన్నాడు, పని నేర్చిన పిల్లలను తీసుకుంటామన్న మద్రాసు బట్టల కంపెనీ ఉంది. సంగానికి ఒక షెడ్డు, కుట్టుమిషన్లు ఉన్నాయి. కుట్టుపనిలో హయ్యర్ పరీక్ష పాసైన టీచరు మాత్రం లేదు. ఉన్న సుందరవల్లి టీచరు ఆరణిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ పని దక్కకపోతే షెడ్డుకు తాళం వేయడమే.

ఊళ్ళో హయ్యర్ పాసైనది అలమేలు ఒక్కతే. పెళ్ళయిన కొత్తలో క్లాసుకు టీచరుగా వెళ్తానని అడిగింది. పాఠం చెప్తే సరిపోదు, ఊరి రవికలు కూడా కుట్టివ్వాలి. అందుకు వచ్చిన ప్రతి మనిషికీ టేపు పట్టి కొలత తీయాలి. "నాయుడింటి కోడలు కూలికి ఊరోళ్ళ ఒళ్ళు కొలస్తాదా?" అని రంగనాయకమ్మ ఆ మాట అక్కడే తెంచేసింది. అలమేలు ఇంకో రెండుసార్లు అడిగింది. తర్వాత మానేసింది. మానేసినప్పుడు బాధ ఉండేది. తర్వాత అదీ లేదు.

షెడ్డులో పిల్లలు లేచి నిలబడ్డారు. అలమేలు కుర్చీలో కూర్చుంది. ఆఫీసరు వరదన్ మిషన్లు ఒక్కొక్కటీ తొక్కి చూశాడు. గోడ తడి చూశాడు. తర్వాత బల్ల మీద కాగితం పరిచాడు.

"టీచరమ్మా, రవిక కటింగు చూపించండి."

అలమేలు పెన్సిలు తీసుకుంది. భుజం గీత, చంక వంపు, నడుము పట్టీ గీసి కత్తెర పెట్టింది. కత్తెర ఎక్కడా ఆగలేదు. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. తన చేతులు చేస్తున్న పనిని వాళ్ళతో పాటే అలమేలూ చూసింది, ఇంకెవరి చేతులో అన్నట్టు.

వరదన్ ముక్కలు జోడించి చూసి తల ఊపాడు. "ఇంత చక్కని కటింగు నేను తిరుత్తణి టవునులో కూడా చూడలేదమ్మా. క్లాసు వస్తే రోజూ మీరే చెప్తారు గదా?"

"లేదు సార్. ఈ పొద్దు ఒక్క దినమే. రేపు ఇంట్లో ఉంటా."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వరదన్ రంగనాయకమ్మ వైపు చూశాడు. ఆమె చీర చెంగు సర్దుకుంది. అతడు కాఫీ కూడా తాగకుండా మోటారు సైకిలు ఎక్కాడు.

సాయంత్రం తణికాచలం సైకిలు స్టాండు వేస్తుంటే రంగనాయకమ్మ మొదలుపెట్టింది.

"అడుగు నాయనా, నీ పెండ్లాన్ని. ఊరోళ్ళ నోట్లో మన్ను కొట్టి వచ్చింది."

"నేనేం చేసినా అత్తా?"

"ఒక అబద్ధం చెప్పేదానికి నోరు పడిపోయిందా నీకు? అవును సార్ అని తలకాయ ఊపితే చాలు గదే."

"ఒక్క దినమే అని నువ్వే గదా చెప్పినావు. నువ్వు చెప్పిందే చెప్పినా."

"నాతో చెప్పినట్ల ఆయప్పతో చెప్తారా మే?"

తణికాచలం కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "ఏమే, అమ్మ మీద కసి తీర్చుకున్నావా?"

అలమేలు తనలో వెతికి చూసుకుంది. కసి దొరకలేదు. దొరికి ఉంటే అవుననేది. "లేదు. అన్నానికి లేయండి," అంది.

క్లాసు తిరువళ్ళూరు ట్రస్టుకు ఇచ్చారని తర్వాతి వారం తెలిసింది. రంగనాయకమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆదివారం ఇంటి ముందు జీపు ఆగింది. సుందరరాజ్ చెప్పులు బయట విడిచి, వాకిట్లో నిలబడే దండం పెట్టాడు.

"అక్కా, నిన్ను ఒక సహాయం అడగాలని వచ్చినా."

"గెలిచినోడివి. ఓడినదాన్ని నువ్వేం అడుగుతావప్పా?"

"క్లాసు మాకిచ్చినారు, నిజమే. అయితే ఈ యూనియన్ ఊళ్ళోనే జరగాలని కండిషను పెట్టినారు. తిరువళ్ళూరు దాకా ఊరోళ్ళు పిల్లల్ని పంపించరంట. నాకు ఇక్కడ షెడ్డు లేదు. మీ షెడ్డు బాడుగకు కావాల."

"ఇంకా?"

"మీ కోడలమ్మ కావాల. ఆఫీసరు ఆ కటింగు గురించి మీటింగులో కూడా చెప్పినాడు. టీచరు జీతం ఇస్తాము."

రంగనాయకమ్మ నవ్వింది. "షెడ్డు కావాల, కోడలు కావాల. మా గొడ్లు కూడా తోలుకొని పో సామీ, జీపులో తావుంటే."

"మేము దరఖాస్తు బాగా రాసినాము అక్కా. నేర్పే చెయ్యి మాత్రం మీ ఇంట్లో ఉండాది. నేను ఒకటి, నువ్వు ఒకటి పెట్టుకొని కూసుంటే పిల్లలకు రెండూ లేవు."

అలమేలు కాఫీ గ్లాసు తెచ్చి అతడి ముందు పెట్టింది. రంగనాయకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీకు పోవాలని ఉండాదా?"

తణికాచలం తలుపు దగ్గర నిలబడ్డాడు. అలమేలు ఆలోచించింది. అత్తకు ఏ జవాబు కావాలో పట్టుకుందామని చూసింది. ఆ ముఖంలో ఏదీ దొరకలేదు.

"తెలీదు అత్తా. ముందు ఉండె. ఇప్పుడు ఉండాదో లేదో తెలీడం లేదు."

రంగనాయకమ్మ చేయి వదల్లేదు. ఆమె వేళ్ళు కోడలి మణికట్టు మీద అలాగే ఉన్నాయి.

"నిన్ను చూసే దానికి వచ్చిన దినం," అంది, "నువ్వు కట్టుకున్న రవిక ఎవరు కుట్టినారని అడిగినా. నేనే అని ఎంత జంబంగా చెప్పినావు. ఆ చెయ్యి చూసే నేను తాంబూలం మార్చుకునింది. ఆ జంబం ఇప్పుడు నీ మొగంలో యాడ వెతికేది నేను?"

తణికాచలం నేల చూశాడు. రంగనాయకమ్మ కళ్ళు ఒత్తుకుని సుందరరాజ్ వైపు తిరిగింది.

"బాడుగ వొద్దు. మా మిషన్లు కూడా వాడుకో. క్లాసు బోర్డు మీద మా సంగం పేరు కూడా రాయాల. మొదట మా పేరే."

"ట్రస్టు పేరు కింద రాసుకుంటాము అక్కా."

క్లాసు మొదలైన రోజు అలమేలుకు అత్తే చీర ఎంచి ఇచ్చింది. షెడ్డు నిండింది. గోడవారగా తల్లులు కూడా కూర్చున్నారు. అలమేలు పేర్లు పిలిచి, బల్ల మీద బట్ట పరిచి, కొలత తీయడం చూపించడానికి ఎవరైనా రమ్మంది. పిల్లలు ఒకరినొకరు తోసుకున్నారు. నాయుడింటి కోడలు ముట్టి కొలుస్తుందా అని తల్లులు చూస్తున్నారు. ఆమె టేపు పట్టుకుని నిలబడింది. రెండోసారి పిలవలేకపోయింది.

వెనకనుంచి రంగనాయకమ్మ లేచింది. తల్లుల మధ్యనుంచి నడిచి వచ్చి, పైట సర్దుకుని, చేతులు రెండూ ఎత్తి నిలబడింది.

"కొలు."

అలమేలు కదల్లేదు.

"కొలు మే. చేతులు నొస్తా ఉండాయి. ముందు కూలెంతో చెప్పు, తర్వాత తకరారు వొద్దు."

పిల్లలు నవ్వారు. అలమేలు టేపు అత్త చుట్టూ తిప్పింది. తిప్పేటప్పుడు చెంప అత్త భుజానికి తగిలింది. పసుపు, చెమట వాసన వచ్చింది. టేపు మీద అంకెలు అలుక్కుపోయాయి. ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత చుక్క టేపు మీద పడింది.

"మూడు రూపాయలు అత్తా."

"ఇంటి మనిషికి కూడానా?"

"క్లాసులో ఇంటి మనుషులు లేరు."

"సరే," అంది రంగనాయకమ్మ, చేతులు దించకుండా. "కండ్లు తుడుచుకొని సరిగ్గా కొలు. బిగువైతే కూలి ఇచ్చేది లేదు."